బస్టర్ కీటన్: జీవితం, సినిమాలు, షాట్లు తీసిన పద్ధతి – తరచుగా అడిగే ప్రశ్నలు

కీటన్ పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేవి నవ్వని మొహం, చదునైన టోపీ, మీద పడే ఇంటి గోడ. ఆయన్ని ఒక్క కమెడియన్‌గానే చూసి వదిలేస్తే మాత్రం సగం కూడా చూసినట్టు కాదు. కెమెరా ఎక్కడ పెట్టాలి, ఎంత దూరంలో పెట్టాలి, షాటు ఎక్కడ తుంచకూడదు అనే విషయాల్లో 1920లలోనే ఆయనకున్న స్పష్టత ఈనాటికీ ఆశ్చర్యపరుస్తుంది. అందుకే కింది జవాబుల్లో ఎక్కువ భాగం ఆ పనితనం గురించే ఉంటుంది.

కీటన్ ఎవరు? క్లుప్తంగా చెప్పండి.

అసలు పేరు జోసెఫ్ ఫ్రాంక్ కీటన్. 1895 అక్టోబర్ 4న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో పీక్వా అనే చిన్న ఊళ్లో పుట్టారు. తల్లిదండ్రులు జో, మైరా ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చే నటులు. 1917లో సినిమాల్లోకి వచ్చారు. 1920 నుంచి 1928 వరకు సొంత యూనిట్‌తో 19 చిన్న సినిమాలు, 10 పెద్ద సినిమాలు తీశారు. 1928లో హాలీవుడ్‌లోని పెద్ద సినిమా సంస్థ ఎంజీఎంలో చేరారు. 1933లో ఆ సంస్థ ఆయన్ని తీసేసింది. ఆ తర్వాత చాలా ఏళ్లు చిన్నాచితకా పనులతో గడిచాయి. 1950ల నుంచి పాత సినిమాలు మళ్లీ వెలుగులోకి రావడంతో పేరు తిరిగొచ్చింది. 1966 ఫిబ్రవరి 1న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో లాస్ ఏంజెలెస్‌లోని వుడ్‌లాండ్ హిల్స్‌లో కన్నుమూశారు.

"బస్టర్" అనే పేరు ఇంద్రజాలికుడు హుడినీ పెట్టాడంటారు. నిజమేనా?

పసివాడిగా ఉన్నప్పుడు మెట్ల మీంచి దొర్లిపడి దెబ్బ తగలకుండా లేచాడని, అది చూసిన హుడినీ ఆ మాట అన్నాడని కథ. కీటన్ కూడా అదే చెప్పేవారు. కానీ మొదట్లో తండ్రి పత్రికలవాళ్లకు చెప్పినప్పుడు వేరే నటుడి పేరు చెప్పేవాడు. హుడినీ పేరు తర్వాత వచ్చి చేరింది. కాబట్టి దీన్ని చరిత్రగా రాసుకోకపోవడమే మంచిది.

చిన్నప్పుడు స్టేజీ మీద ఏం చేసేవారు?

"ద త్రీ కీటన్స్" అని తల్లి, తండ్రి, కొడుకు కలిసి వేసే హాస్య ప్రదర్శన. అల్లరి పిల్లాణ్ణి తండ్రి దారిలో పెట్టబోవడం అందులో కథ. పెట్టడమంటే ఎత్తి స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకు విసరడమే. పట్టుకోవడానికి వీలుగా పిల్లాడి బట్టలకు వీపు మీద సూట్‌కేసు పిడి కుట్టేవాళ్లు. పిల్లల్ని హింసిస్తున్నారంటూ న్యూయార్క్‌లోని పిల్లల రక్షణ సంఘం ఎన్నోసార్లు అడ్డుపడింది.

సినిమా జీవితం మొత్తానికి పనికొచ్చిన విషయాలు రెండు అక్కడే నేర్చుకున్నారు. మొదటిది పడటం: నేలను తాకేముందు ఒంటిని ఎలా వదలాలి, చేత్తోనో కాలితోనో దెబ్బను ఎలా చెదరగొట్టాలి అన్నది. రెండోది మొహం: పడి లేచాక తను కూడా నవ్వితే హాల్లో నవ్వు తగ్గేది, ఏమీ జరగనట్టు చూస్తే పెరిగేది. ఆ నవ్వని మొహం అలా అలవాటైంది. సినిమాల్లో అసలెప్పుడూ నవ్వలేదనే మాట మాత్రం నిజం కాదు. 1917 నాటి "కోనీ ఐలాండ్"లో హాయిగా నవ్వుతూ కనిపిస్తారు.

సినిమాల్లోకి ఎలా వచ్చారు?

తండ్రి తాగుడు ముదిరి ప్రదర్శన ప్రమాదకరంగా తయారైంది. విసిరే మనిషి చెయ్యి తూలితే విసిరించుకునేవాడి మెడ విరుగుతుంది. 1917లో ఆ బృందం విడిపోయింది. న్యూయార్క్‌లో ఒక పెద్ద స్టేజీ షోలో వారానికి 250 డాలర్ల అవకాశం చేతిలో ఉండగా కీటన్ సినిమా హాస్యనటుడు రాస్కో ఆర్బకిల్ స్టూడియోకి వెళ్లారు. "ద బుచర్ బాయ్" షూటింగులో ఒక చిన్న వేషం వేశారు. సినిమా కెమెరా పనిచేసే తీరు చూసి, స్టేజీ ఒప్పందం వదులుకుని, వారానికి 40 డాలర్లకు అక్కడే చేరిపోయారు. కెమెరాను విప్పి, లోపల ఫిల్మ్ ఎలా నడుస్తుందో చూసి, మళ్లీ బిగించారని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. 1918లో సైన్యంతో ఫ్రాన్స్ వెళ్లారు. అక్కడ సోకిన ఇన్‌ఫెక్షన్ వల్ల ఒక చెవి వినికిడి బాగా దెబ్బతింది. తిరిగొచ్చాక నిర్మాత జోసెఫ్ షెంక్ ఆయనకు హాలీవుడ్‌లో సొంత యూనిట్ ఏర్పాటు చేశాడు. అంతకుముందు చాప్లిన్ వాడుకున్న స్టూడియో అది.

టైటిల్స్‌లో వేరే దర్శకుల పేర్లుంటాయి. మరి దర్శకుడు ఎవరు?

చిన్న సినిమాల్లో ఎడ్డీ క్లైన్, "ద నావిగేటర్"లో డొనాల్డ్ క్రిస్ప్, "ద జనరల్"లో క్లైడ్ బ్రక్‌మన్, "స్టీమ్‌బోట్ బిల్ జూనియర్"లో చార్ల్స్ రైస్నర్ పేర్లు కనిపిస్తాయి. కీటన్ తెర మీద ఉన్నప్పుడు కెమెరా వెనక నమ్మకమైన కన్ను ఒకటి ఉండాలి. వీళ్లలో ఎక్కువమంది చేసింది ఆ పనే. షాటు ఎలా ఉండాలో, ఎంతసేపు నడవాలో నిర్ణయించింది కీటనే. సొంత యూనిట్ సినిమాలన్నీ వరసగా చూడండి. పక్కనున్న పేరు ఏదైనా పనితనం ఒకరిదే అని తెలిసిపోతుంది.

ఆ యూనిట్‌లో తప్పక గుర్తుంచుకోవాల్సిన మనుషులు మరో ఇద్దరున్నారు. కెమెరామన్ ఎల్జిన్ లెస్లీ ఒకరు. ఇళ్లు, వంతెనలు, తిరిగే వేదికలు, ఏది కావాలన్నా కట్టించి పెట్టిన ఫ్రెడ్ గబూరీ మరొకరు. ఈ ఇద్దరూ లేకపోతే కింద చెప్పబోయేవాటిలో చాలా జరిగేవి కావు.

స్క్రిప్టు లేకుండా తీసేవారంటారు. అదెలా సాధ్యం?

కాగితం మీద పూర్తి స్క్రిప్టు ఉండేది కాదు. ఇద్దరు ముగ్గురు గ్యాగ్ (నవ్వించే చిన్న సంఘటన) రచయితలతో కూర్చుని ముందు కథ మొదలు, ఆ తర్వాత ముగింపు తేల్చుకునేవాళ్లు. ముగింపు కుదరకపోతే ఆ ఆలోచనే వదిలేసేవాళ్లు. మధ్యభాగం గురించి ముందే బెంగపడేవాళ్లు కాదు. సెట్లు, బండ్లు, దుస్తులు చూసుకునే ముఖ్యులందరూ ఆ చర్చల్లోనే ఉండేవాళ్లు కాబట్టి ఎవరికేం కావాలో విడిగా రాసి ఇవ్వాల్సిన పని ఉండేది కాదు.

తర్వాత అసలు పరీక్ష ప్రివ్యూ, అంటే విడుదలకు ముందు జనానికి వేసి చూపడం. "సెవెన్ ఛాన్సెస్" (1925) ముగింపులో కీటన్ కొండ దిగి పరిగెత్తుతుంటే కాలు తగిలి మూడు రాళ్లు దొర్లాయి. అది అనుకోకుండా జరిగింది. ప్రివ్యూలో జనం అప్పటిదాకా చప్పగా ఉండి సరిగ్గా అక్కడ పెద్దగా నవ్వారు. వెంటనే వెనక్కి వెళ్లి, కోళ్ల గూళ్లకు వాడే తీగవల మీద కాగితపు గుజ్జు వేసి సుమారు 1,500 రాళ్లు చేయించారు. చిన్నవి బంతి అంత, పెద్దవి 8 అడుగుల అడ్డం. వాటిని కొండ మీంచి దొర్లించి వాటి ముందు పరిగెత్తారు. ఇప్పుడు ఆ సినిమా అంటే అందరికీ గుర్తుండేది ఆ రాళ్లే.

మీద పడే ఇంటి గోడ షాటు ఎలా తీశారు?

"స్టీమ్‌బోట్ బిల్ జూనియర్" (1928), గాలివాన దృశ్యం. ఇంటి ముందుగోడ మొత్తం ఊడి కీటన్ మీద పడుతుంది. పైకిటికీ ఖాళీ సరిగ్గా ఆయన నిలబడ్డచోటికి రావడంతో బతికి బయటపడతారు. ట్రిక్ కెమెరా పని లేదు. గోడ బరువు సుమారు 2 టన్నులు. షాటు తీసింది ఒక్కసారే.

పని జరిగిన వరస ఇది. ముందు గోడ చట్రం ఒక్కటే కట్టి, కింద కీళ్లు గట్టిగా బిగించారు. ఇంటికి కోసుగా లేచిన పైకప్పు పెట్టారు. మామూలు మేడ కిటికీ 12 అడుగుల ఎత్తులో వస్తే, ఇక్కడ కిటికీ 18 అడుగుల దాకా పెట్టుకునే వీలు దానివల్ల దొరికింది. కిటికీ ఎంత ఎత్తులో ఉంటే మనిషి గోడకు అంత దూరంగా నిలబడొచ్చు, పడే గోడ చూసేవాళ్లకు అంత బాగా కనిపిస్తుంది. తర్వాత ఆ చట్రాన్ని నేల మీద పడుకోబెట్టి, కీటన్‌ను నిలబెట్టి, ఆయన ఒంటి చుట్టూ కిటికీ కట్టారు. రెండు భుజాల పక్కన 2 అంగుళాలు, తలపైన 2 అంగుళాలు, మడమల దగ్గర 2 అంగుళాల ఖాళీ. మడమలు ఉండాల్సినచోట నేలలో పెద్ద మేకులు దిగ్గొట్టారు. ఆ తర్వాతే గోడను లేపి నిలబెట్టి, పలకలు కొట్టి, రంగు వేసి, వెనక గదులు సర్దారు.

తప్పు జరిగే అవకాశం ఎక్కువగా ఉన్నది గాలి దగ్గర. తుపాను కోసం విమానాల లిబర్టీ ఇంజిన్లు బిగించిన 6 గాలి యంత్రాలు పెట్టారు. లారీని రోడ్డు మీంచి తోసేయగల శక్తి వాటిది. ఆ గాలి ముందు, వెనక కనిపించాలి కానీ పడుతున్న గోడ మొహానికి తగలకూడదు. తగిలితే చట్రం మెలితిరుగుతుంది, మెలితిరిగితే కిటికీ 2 అంగుళాలు పక్కకు జరగడం ఎంతసేపు? గోడ అంత బరువుగా కట్టడానికి కారణం కూడా ఇదే. తేలిక గోడ గాలికి వంగుతుంది.

ఈ గ్యాగ్ ఒక్కసారిగా పుట్టింది కాదు. 1919లో ఆర్బకిల్ సినిమా "బ్యాక్ స్టేజ్"లో తేలికపాటి రంగస్థలపు గోడతో చేశారు. 1920లో "వన్ వీక్"లో మరికాస్త పెద్దది. ఎనిమిదేళ్ల తర్వాత ఇది. మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక ఆలోచనను దర్శకుడు ఎలా పెంచుకుంటూ పోతాడో తెలుస్తుంది.

ఒకే తెర మీద తొమ్మిదిమంది కీటన్లు ఎలా వచ్చారు?

"ద ప్లేహౌస్" (1921). దానికి ముందు "ద ఎలక్ట్రిక్ హౌస్" తీస్తుంటే కదిలే మెట్లలో కాలు ఇరుక్కుని చీలమండ విరిగింది. దూకుళ్లు లేని సినిమా కావాల్సి వచ్చింది కాబట్టి, శ్రమ అంతా కెమెరా మీద పడింది.

లెన్సు ముందు ఒక పెట్టె అమర్చి, దానికి తెరుచుకుని మూసుకునే తొమ్మిది నిలువు పట్టీలు పెట్టారు. మొదటి పట్టీ తెరిచి, మిగతావన్నీ మూసి, కీటన్ మొదటి స్థానంలో ఆడతారు. ఫిల్మ్‌ను మొదటికి తిప్పి, ఆ పట్టీ మూసి, రెండోది తెరిచి, ఆయన రెండో స్థానంలోకి వెళతారు. ఇలా ఒకే ఫిల్మ్ తొమ్మిదిసార్లు కెమెరాలోంచి నడిచింది.

అప్పటి కెమెరాకు మోటారు లేదు, చేత్తో తిప్పడమే. నాలుగోసారి కాస్త వేగంగా, ఐదోసారి కాస్త నెమ్మదిగా తిప్పితే ఇద్దరి వెలుతురూ కదలికా తేడా వస్తుంది. తొమ్మిదిసార్లూ ఒకే వేగంతో తిప్పిన ఘనత లెస్లీది. నృత్యం తప్పకుండా తాళం కోసం ఒకరు పక్కన బాంజో వాయించారు. తొమ్మిదోసారి పొరపాటు జరిగితే ముందు ఎనిమిదీ బుట్టదాఖలే. కంప్యూటర్ లేని రోజుల్లో ఇంత శుభ్రంగా వచ్చిన పని అరుదు.

"షెర్లాక్ జూనియర్"లో తెర లోపలికి నడిచి వెళ్లే దృశ్యం?

సినిమాహాలు ఆపరేటర్ నిద్రలో తెర దగ్గరకు వెళ్లి అందులోకి అడుగుపెడతాడు. అక్కడ కనిపించేది నిజం తెర కాదు. తెర చట్రం ఆకారంలో ఒక స్టేజీ కట్టి, లోపల నటులను పెట్టి, ప్రొజెక్టర్ వెలుగులా భ్రమ కలిగేలా లైటింగ్ చేశారు.

అసలు కష్టం దాని తర్వాత. మనిషి అలాగే ఉంటాడు, చుట్టూ చోటు మారిపోతుంటుంది. తోటలో బల్ల మీద కూర్చోబోతే వీధిలో పడతాడు, ఆ తర్వాత కొండ అంచు, సింహాలు, ఎడారి, సముద్రం మధ్య బండ, మంచు. ఒక్కోటి ఒక్కోచోట, వేర్వేరు రోజుల్లో తీసినవి. మనిషి తెర మీద అంగుళం జరిగినా మాయ విడిపోతుంది. అందుకని సర్వే పరికరాలతో కెమెరాకు, కీటన్‌కు మధ్య దూరం, ఎత్తు కొలిచి పెట్టుకున్నారు. పైగా ఒక షాటు అయిన వెంటనే దాన్ని కడిగించి, చివరి ఫ్రేములు కత్తిరించి, కెమెరాలో ఫిల్మ్ నిలిచే గేటులో పెట్టి, కొత్త చోట కీటన్‌ను ఆ బొమ్మ మీద సరిగ్గా కూర్చునేలా నిలబెట్టేవారు. ఇది 1924 సినిమా. ఆ భాగం ఫ్రేము ఫ్రేముగా ఆపి చూడండి. భుజాలు ఎంత పక్కాగా కలుస్తాయో తెలుస్తుంది.

"ద నావిగేటర్"లో నీటి అడుగు దృశ్యాలు ఎక్కడ తీశారు?

లేక్ టాహో అనే సరస్సులో. కానీ అక్కడికి వెళ్లేముందు రెండుచోట్ల దెబ్బతిన్నారు. మొదట రివర్‌సైడ్‌లోని ఈతకొలను. లోతు చాలక గోడలు ఎత్తు పెంచి నీళ్లు నింపారు, అదనపు బరువుకు కొలను అడుగు విరిగిపోయింది. తర్వాత కాటలినా దీవి దగ్గర సముద్రం. చేపలు గుడ్లు పెట్టే కాలం కావడంతో నీళ్లు పాలలా తెల్లగా ఉన్నాయి.

టాహో నీళ్లు అద్దంలా ఉన్నాయి కానీ వణికించే చలి. కెమెరాను, కెమెరామన్‌ను నీరు చొరని పెట్టెలో కూర్చోబెట్టి దించారు. లోపలి వెచ్చదనానికి గాజు మీద ఆవిరి పట్టి బొమ్మ మసకబారుతుంది కాబట్టి, లోపల కూడా బయటి నీళ్లంత చల్లగా ఉండేందుకు పెట్టెలో ఐసు పెట్టారు. కీటన్ ఒకసారి దిగితే అరగంటకు మించి ఉండలేకపోయేవారు. తెర మీద కొద్ది నిమిషాల దృశ్యానికి సుమారు నాలుగు వారాలు పట్టింది.

సినిమాలోని ఓడ కూడా నిజమైనదే. "బ్యూఫర్డ్" అనే పాత సైనిక రవాణా ఓడ తుక్కుకు పోబోతోందని తెలిసి, ముందు ఓడను మాట్లాడుకుని, ఆ తర్వాత దానికి కథ అల్లారు.

"ద జనరల్" ఎందుకంత గొప్పది? అప్పుడు ఎందుకు ఆడలేదు?

అమెరికా అంతర్యుద్ధంలో 1862 ఏప్రిల్ 12న జార్జియాలో ఉత్తరాది గూఢచారులు ఒక రైలింజన్‌ను ఎత్తుకుపోయారు. అందులో పాల్గొన్న విలియం పిట్టెంజర్ రాసిన పుస్తకం ఈ సినిమాకు ఆధారం. కీటన్ కథను దక్షిణాది ఇంజన్ డ్రైవర్ వైపు నుంచి చెప్పారు. ప్రదర్శనకు పెట్టి ఉన్న అసలు "జనరల్" ఇంజన్ అడిగితే, కామెడీకి ఇచ్చేది లేదన్నారు. దాంతో ఒరెగన్ రాష్ట్రంలోని కాటేజ్ గ్రోవ్ ఎంచుకున్నారు. కలప రవాణాకు వేసిన పట్టాలు, పాత ఇంజన్లు అక్కడ దొరికాయి. ఆ రాష్ట్ర సైనిక దళమైన ఒరెగన్ నేషనల్ గార్డ్ నుంచి వచ్చిన సుమారు 500 మందితో రెండు సైన్యాల వేషాలూ వేయించారు: ఒక యూనిఫాంలో ఇటు, ఇంకో యూనిఫాంలో అటు.

సినిమా కట్టుబడి చాలా తెలివైనది. మొదటి సగంలో రైలు ఒక దిక్కుకు పోతూ హీరో తరుముతాడు. రెండో సగంలో అదే దారిన వెనక్కి వస్తూ హీరోని శత్రువులు తరుముతారు. ముందు అతనికి ఎదురైన ఆటంకాలే ఇప్పుడు అతని చేతిలో ఆయుధాలవుతాయి.

రెండు చోట్ల ఊపిరి బిగబట్టి చూడాలి. దిగులుగా ఉన్న హీరో ఇంజన్ చక్రాలను కలిపే ఇనుప కడ్డీ మీద కూర్చుంటాడు. ఇంజన్ కదులుతుంది, మనిషి కడ్డీతోపాటు పైకీ కిందకీ పోతుంటాడు. ఆవిరి కాస్త ఎక్కువ వదిలితే చక్రం పట్టాల మీద జారి గిర్రున తిరుగుతుంది, కడ్డీ మీది మనిషి బతకడు. ఇంజన్ నడిపినవాడి చెయ్యి మీదే అంతా ఆధారపడింది. రెండోది: ఇంజన్ ముందు భాగంలో కూర్చుని, పట్టాల మీది దుంగను చేతిలోని దుంగతో కొట్టి ఎగరగొట్టడం. గురి తప్పితే ఇంజన్ పట్టాలు తప్పేది.

1926 జులై 23న కాలుతున్న వంతెన మీదికి నిజం ఇంజన్‌ను వదిలి నదిలో కూల్చారు. ఆ ఒక్క షాటుకు 42,000 డాలర్లని లెక్క, మూకీ యుగంలో అంత ఖరీదైన షాటు ఇంకోటి లేదు. ఊరంతా సెలవు పెట్టి చూడ్డానికొచ్చింది. ఆ ఇంజన్ రెండో ప్రపంచయుద్ధంలో తుక్కు కోసం తీసేదాకా నదిలోనే పడి ఉంది. కట్టెలతో నడిచే ఇంజన్ల నిప్పురవ్వలకు అడవి అంటుకుని, పొగ తగ్గేదాకా షూటింగు ఆగిన రోజులూ ఉన్నాయి.

ఖర్చు సుమారు 7,50,000 డాలర్లు, అమెరికాలో రాబడి 4,75,000కు కాస్త అటూ ఇటూ. నవ్వించే సినిమా అనుకుని వచ్చినవాళ్లకు యుద్ధం కనిపించింది, విమర్శకులు కూడా పెదవి విరిచారు. ఈ నష్టం తర్వాత కీటన్‌కు అడిగినంత ఖర్చు, అడిగినంత సమయం దొరకలేదు. ఇప్పుడు మాత్రం అన్ని కాలాల గొప్ప సినిమాల జాబితాల్లో ఉంది. 1989లో భద్రపరచాల్సిన సినిమాల జాబితా అయిన అమెరికా జాతీయ సినిమా రిజిస్ట్రీ మొదలైనప్పుడు తొలి విడతలోనే చేర్చారు.

స్టంట్లన్నీ ఆయనే చేసేవారా? దెబ్బలు తగల్లేదా?

దాదాపు అన్నీ. తెలిసిన మినహాయింపు "కాలేజ్" (1927)లో గడకర్రతో కిటికీలోకి దూకడం. అది ఒలింపిక్ విజేత లీ బార్న్స్ చేశాడు. మరోవైపు ఇతరులకు కూడా కీటనే డూప్ వేసేవారు. "షెర్లాక్ జూనియర్"లో మోటార్‌సైకిల్ మీంచి పడే సహాయకుడు నిజానికి వేషం మార్చిన కీటన్.

"అవర్ హాస్పిటాలిటీ" (1923)లో ట్రకీ నదిలో కట్టిన తాడు తెగి కొట్టుకుపోయి, ఒడ్డున వేలాడే కొమ్మలు పట్టుకుని బయటపడ్డారు. "షెర్లాక్ జూనియర్"లో రైలు నీళ్లట్యాంకు గొట్టం పట్టుకుని వేలాడినప్పుడు, అనుకున్నదానికంటే ఉధృతంగా నీళ్లు పడి, కిందికి జారి, మెడ వెనక భాగం పట్టాకు కొట్టుకుంది. కొన్నాళ్లు తలనొప్పి వచ్చింది, పని ఆపలేదు. ఏళ్ల తర్వాత వేరే పరీక్షకు ఎక్స్‌రే తీస్తే మెడ ఎముక ఒకప్పుడు విరిగి అతుక్కుందని డాక్టరు చెప్పారు.

ఆ చదునైన టోపీ ఎలా తయారు చేసేవారు?

బజార్లో కొన్నది కాదు. మంచి ఫెల్ట్ టోపీ తీసుకుని, ఎత్తు తగ్గేలా కోసి, అంచును పంచదార నీళ్లతో బిరుసు చేసేవారు. ఆయన చెప్పిన కొలత: టీకప్పు గోరువెచ్చని నీళ్లలో గోపురంగా మూడు చెంచాల పంచదార. అంచు పైనా కిందా తడిపి, శుభ్రమైన గట్టి బల్ల మీద ముడతలు లేకుండా సాపు చేసి, పూర్తిగా ఆరనివ్వాలి. నాటకానికో ఫ్యాన్సీ డ్రెస్‌కో కావాలంటే ఈ పద్ధతి ఇంట్లోనే చేసుకోవచ్చు.

టాకీలు రావడం వల్లే కీటన్ పని అయిపోయిందా?

బాగా ప్రచారంలో ఉన్న ఈ మాటను ఒప్పుకోలేం. ఆయన గొంతు స్టేజీ మీద తయారైనది, టాకీకి పనికొచ్చేదే. ఎంజీఎంలో చేసిన టాకీలు ఆయన సొంత మూకీల కంటే ఎక్కువ వసూలు చేశాయి కూడా. పోయింది స్వేచ్ఛ.

1928లో షెంక్ సలహా మీద ఎంజీఎంలో చేరారు. వద్దని తోటి హాస్యనటులు చాప్లిన్, హెరాల్డ్ లాయిడ్ ఇద్దరూ హెచ్చరించారు. వారానికి 3,000 డాలర్ల జీతం ఇచ్చారు కానీ యూనిట్ చెదిరిపోయింది. ప్రతి గ్యాగ్‌కూ ముందే స్క్రిప్టు కావాలన్నారు, ఖరీదైన నటుడంటూ స్టంట్లు వద్దన్నారు, మాటల కామెడీలోకి, మాటకారి హాస్యనటుడు జిమ్మీ డురాంటే పక్కన జతగా తోశారు. మొదటి సినిమా "ద కెమెరామన్" (1928) మాత్రం పాత పద్ధతి కొంత మిగిలి ఉండటంతో అద్భుతంగా వచ్చింది. ఆ తర్వాత జారుడే. అదే సమయంలో తాగుడు ముదిరింది, 1932లో భార్య నటాలీ టాల్‌మడ్జ్‌తో విడాకులయ్యాయి. మన మొదటి టాకీ "భక్త ప్రహ్లాద" విడుదలైన ఏడాది అది. మరుసటి ఏడాది ఎంజీఎం ఆయన్ని పంపేసింది.

చాప్లిన్‌కు సొంత స్టూడియో ఉంది, లాయిడ్‌కు తన సినిమాల హక్కులున్నాయి. కీటన్ సినిమాలకు యజమాని షెంక్ కంపెనీ. డబ్బు లెక్కలు పట్టించుకోకుండా పని మీదే దృష్టి పెట్టినందుకు ఆయన కట్టిన మూల్యం చాలా పెద్దది. ఇప్పటికీ ఆ భాగం చదివితే బాధేస్తుంది.

ఆ తర్వాత ఏం చేశారు? సినిమాలు ఎలా మిగిలాయి?

ఎడ్యుకేషనల్ పిక్చర్స్ సంస్థకు 16, కొలంబియా సంస్థకు 10 చవకరకం చిన్న సినిమాలు చేశారు. ఒకప్పుడు పంపేసిన ఎంజీఎంలోనే గ్యాగ్ రచయితగా చేరి ఇతరుల సినిమాలకు నవ్వులు సర్దారు. 1940లో ఎలినార్ నారిస్‌ను పెళ్లాడాక జీవితం కుదుటపడింది. 1949లో లైఫ్ పత్రికలో విమర్శకుడు జేమ్స్ ఏజీ రాసిన వ్యాసం జనానికి ఆయన్ని గుర్తుచేసింది. "సన్‌సెట్ బూలవార్డ్" (1950), చాప్లిన్‌తో "లైమ్‌లైట్" (1952) వచ్చాయి. 1960లో గౌరవ ఆస్కార్ అందుకున్నారు.

ఆనాటి నైట్రేట్ ఫిల్మ్ సులభంగా అంటుకుంటుంది, అంటుకోకపోయినా దానంతటదే కుళ్లి జిగురుగా, ఆపైన పొడిగా మారుతుంది. కీటన్ పాత భవనాన్ని కొన్న నటుడు జేమ్స్ మేసన్‌కు అక్కడి గదిలో ఆయన సినిమాల ప్రింట్లు దొరికాయి. సినిమాహాలు నడిపే రేమండ్ రోహౌవర్ 1954 నుంచి కీటన్‌తో కలిసి మిగిలినవాటిని సురక్షితమైన ఫిల్మ్ మీదికి ఎక్కించాడు. హక్కుల విషయంలో అతని మీద విమర్శలు తక్కువేం కాదు, అయినా అతను పూనుకోకపోతే కొన్ని మనదాకా వచ్చేవి కావు.

ఏ వరసలో చూడాలి?

"వన్ వీక్"తో మొదలుపెట్టండి, 25 నిమిషాల లోపే. తర్వాత "షెర్లాక్ జూనియర్", సుమారు 45 నిమిషాలు. ఆ రెండూ నచ్చాక "స్టీమ్‌బోట్ బిల్ జూనియర్", ఆపైన "ద జనరల్". మొదటే "ద జనరల్" పెడితే అలవాటు లేనివాళ్లకు తొలి పావుగంట నెమ్మదిగా అనిపించవచ్చు. ఎంజీఎం టాకీలు చివరికి ఉంచుకోండి, చూడకపోయినా నష్టం లేదు.

మంచి ప్రింటు అని ఎలా గుర్తుపట్టాలి? మన దగ్గర ప్రదర్శించవచ్చా?

మొదట వేగం చూడండి. చేత్తో తిప్పిన కెమెరాలో సెకనుకు 18 ఫ్రేములు తీసినదాన్ని టాకీ ప్రమాణమైన 24తో నడిపితే మూడోవంతు వేగం పెరుగుతుంది. మనుషులు కీ ఇచ్చిన బొమ్మల్లా గబగబా నడుస్తుంటే ఆ కాపీ వదిలేయండి. తరుముళ్లలో కొంత వేగం కావాలనే పెట్టినది కాబట్టి, మామూలు నడక దృశ్యంతో పరీక్షించాలి.

రెండోది ఫ్రేము ఆకారం. మూకీ బొమ్మ దాదాపు చదరంగా, 4:3లో ఉంటుంది. టీవీ నిండడానికి పైనా కిందా కోసేస్తే కీటన్ పాదాలు పోతాయి, గ్యాగ్‌లో సగం పాదాల్లోనే ఉంటుంది. టీవీలో "జూమ్", "స్ట్రెచ్" ఆపేసి, రెండు పక్కలా నల్లపట్టీలు వచ్చేలా పెట్టుకోండి.

మన చట్టం ప్రకారం సినిమా కాపీరైటు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. 1920ల సినిమాలకు అది ఎప్పుడో తీరిపోయింది. కానీ కొత్తగా కూర్చిన సంగీతానికి హక్కులు వేరే ఉంటాయి. ఫిల్మ్ క్లబ్బులో వేసేటప్పుడు ఆ ట్రాకుకు అనుమతి తీసుకోండి, లేదా దాన్ని ఆపేసి ఎవరిచేతనైనా కీబోర్డో తబలానో ప్రత్యక్షంగా వాయించండి.

పిల్లలకు చూపించవచ్చా? టైటిల్ కార్డులు ఇంగ్లీషులో ఉంటాయి కదా?

భాష పెద్ద అడ్డంకి కాదు. అప్పటి సగటు సినిమాలో 240 కార్డులుంటే తన సినిమాల్లో అత్యధికం 56 అని కీటన్ లెక్క చెప్పేవారు. ఒకరు పక్కన కూర్చుని తెలుగులో గట్టిగా చదివితే చాలు. చదివేవాళ్లు కార్డు రాగానే మొదలుపెట్టి, బొమ్మ తిరిగొచ్చేలోపు ఆపాలి. గ్యాగ్ మీద మాట పడితే నవ్వు చచ్చిపోతుంది.

ఒక్క జాగ్రత్త అవసరం. "ద ప్లేహౌస్", "సెవెన్ ఛాన్సెస్", "కాలేజ్"లలో తెల్లవాళ్లు మొహానికి నల్లరంగు పూసుకుని నల్లజాతివాళ్లను ఎగతాళి చేసే పాత అమెరికన్ అలవాటు కనిపిస్తుంది. "ద జనరల్" హీరో పోరాడేది బానిసత్వాన్ని నిలబెట్టుకోవాలనుకున్న దక్షిణాది తరఫున, ఆ సంగతి సినిమా ఎత్తదు. పెద్ద పిల్లలైతే ముందే రెండు మాటలు చెప్పి చూపించండి. ఎనిమిది, తొమ్మిదేళ్ల లోపువాళ్లకు "వన్ వీక్", "ద కెమెరామన్" సరిపోతాయి.